ట్రైనింగ్ ఫీజు కట్టారు సరే, పిల్లల దగ్గర ఎవరుంటారు?

చిన్నపిల్లల కోసం నిధులు అడిగే ఏ మీటింగ్‌కి వెళ్ళినా పెర్రీ ప్రీస్కూల్ పేరు వినపడాల్సిందే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1962లో మొదలైన ప్రయోగం అది. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని, 58 మందికి ప్రీస్కూల్ చదువు ఇచ్చారు, మిగతావాళ్ళకు ఇవ్వలేదు. తర్వాత దశాబ్దాల పాటు రెండు గుంపుల బతుకులూ ఎలా సాగాయో చూస్తూ వచ్చారు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం 2010లో లెక్కకట్టి, పెట్టిన ఖర్చు మీద ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చిందని తేల్చింది. ఆ అంకె మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

అక్కడ పనిచేసినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. వాళ్ళు శిక్షణ పొందిన టీచర్లు. ఐదారుగురు పిల్లలకు ఒకరు ఉండేవారు. క్లాసు రోజుకు రెండున్నర గంటలే. వారానికోసారి టీచరు ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి గంటన్నర పాటు తల్లితో, బిడ్డతో కూర్చునేది. ఆ గంటన్నర కూడా ప్రోగ్రాంలో భాగమే, డ్యూటీ దిగాక చేసే సేవ కాదు. రాబడి కావాలి, ఆ టైముకు మాత్రం డబ్బు పెట్టం అంటే ఎలా?

నర్సరీ సిబ్బందికీ కొత్త సోషల్ వర్కర్లకీ ట్రైనింగ్ ఇవ్వడం నా పని. ట్రైనింగ్ డబ్బు చాలాచోట్ల ఫీజు వరకే వస్తుంది. ఒకామె రోజంతా నా క్లాసులో కూర్చుంటే అక్కడ ఆమె గదిలో పసివాళ్ళను చూసేదెవరు? ఇంతమంది పిల్లలకు ఒక మనిషి ఉండి తీరాలని రూల్ ఉంది. ఆమె బదులు వచ్చి పిల్లల్ని చూసే రిలీవర్‌కి మాత్రం పైసా ఉండదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది వ్యవహారం. ఇక మేనేజర్ ఏం చేస్తుంది? వాయిదా వేస్తుంది, లేదా డ్యూటీ అయ్యాక ఇంటి దగ్గర వీడియో చూసుకోమంటుంది. వంట చేసుకుంటూ చూసినా సర్టిఫికెట్ టంచనుగా వచ్చేస్తుంది. ఏడాది చివర నిధులు మిగిలాయి, ఏదో ఒక కోర్సు పెట్టేయండి అని ఫోన్లు కూడా వస్తాయి!

వీడియోతో రానిది ఏమిటో ఒకటి చెప్తాను. 1946లో బుడాపెస్ట్‌లో శిశుసదనం మొదలుపెట్టిన డాక్టర్ ఎమ్మీ పిక్లర్ పద్ధతిలో డైపర్ మార్చడం కూడా బిడ్డతో మాట్లాడే సమయమే. స్లయిడ్ మీద చెప్తే అందరూ తలూపుతారు. గదిలోకి వెళ్ళాక చేతులు పాత వేగంతోనే కదులుతాయి. ఒకసారి ఒక కొత్తమ్మాయి పక్కనే నిలబడి "ఆగు, ముందు చెప్పు" అన్నాను. "కాలు ఎత్తుతానే బంగారం" అని చెప్పి చేతులు వెనక్కి తీసుకుంది. పాప కాసేపు ఆమె మొహం చూసి, తనే కాలు ఎత్తింది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి నోరు తెరిచి ఉండిపోయింది. అలా పక్కన నిలబడడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి ఖాళీ ఉండాలి.

సోషల్ వర్కర్ల దగ్గరా ఇదే గొడవ. కొత్తగా వచ్చినవాళ్ళు పిల్లల ఇంటికెళ్ళగానే ఫారం తీస్తారు. తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, "అరగంట ఉన్నాం కదా, బాబు భయం వేసినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్ళాడు?" చాలామంది దగ్గర జవాబుండదు. గడులన్నీ నిండి ఉంటాయి. రెండోసారి వెళ్ళినప్పుడు కళ్ళు కాగితం మీంచి లేస్తాయి. నిజమైన ట్రైనింగ్ ఆ దారిలో జరుగుతుంది. నెత్తి మీద మోయలేనన్ని కేసులున్న సీనియర్‌కి ఆ ప్రశ్న అడిగే తీరిక ఎక్కడిది? ఆమె గంటలకు బడ్జెట్‌లో పేరే లేదు.

అందుకే ఈమధ్య కొటేషన్ అడిగితే ఫీజు కొంత తగ్గించి, కింద "రిలీవర్ జీతం", "సీనియర్ గంటలు" అని రెండు వరుసలు చేర్చి పంపుతున్నాను. కొందరు ఆ పద్దు కింద రాదని కొట్టేసి పంపుతారు. ఒకరిద్దరు మాత్రం పద్దు పేరు మార్చి మరీ ఒప్పుకున్నారు.