గోదావరి గట్టున మొదటి సాయంత్రం

కొవ్వూరు దాటిన రైలు గోదావరి వంతెన ఎక్కగానే మా అమ్మ రూపాయి బిళ్ళ తీసి, కిటికీ ఊచల మధ్య నుంచి నీళ్ళలోకి విసిరి, దండం పెట్టుకుంది. రాజమహేంద్రవరంలో చూడవలసినవాటి జాబితా నా జేబులో సిద్ధంగా ఉంది. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఇల్లు, గౌతమీ గ్రంథాలయం, ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం అందులో ముఖ్యమైనవి. అయితే బసలో సంచులు దించి, ముఖాలు కడుక్కున్నాక, "ఇవాళ ఎక్కడికీ వద్దురా, గట్టున కాసేపు కూర్చుందాం" అని అమ్మ అనడంతో ఆ జాబితా మరునాటికి వాయిదా పడింది.

పుష్కర ఘాట్ చేరేసరికి అయిదు దాటింది. ఊరు నదికి తూర్పు గట్టున ఉండటంవల్ల, ఇక్కడి మెట్ల మీద కూర్చున్నవారికి సూర్యుడు అవతల కొవ్వూరు వైపు, నీటికి ఎదురుగా అస్తమిస్తాడు. ఆ పొద్దు చూడటానికి ఎక్కడికీ కదలనక్కరలేదు, మెడ కూడా తిప్పనక్కరలేదు. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీటితో ఉరకలెత్తే గోదావరి ఈ డిసెంబరులో చెరువులా నిలిచి ఉంది. అందుకు కారణం కొద్ది దూరం దిగువనున్న ధవళేశ్వరమే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ ఇప్పుడు నీటిని నిలిపి డెల్టా కాలువలకు మళ్ళిస్తుంది కనుక, ఆ నిలువ నీరే ఊరి ముందు ఇంత విశాలంగా, ఇంత నెమ్మదిగా పరచుకుని ఉంటుంది. మా పొలాలకు నీరిచ్చే ఏర్పాటే మాకు ఈ నిశ్శబ్దాన్ని కూడా ఇచ్చిందన్నమాట.

అమ్మ చూపు మాత్రం పాత వంతెన మీదే ఉంది. 1897లో కట్టడం మొదలై 1900లో ప్రారంభమైన ఆ హేవలాక్ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయి. దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసి, 1997లో అది విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు రైళ్ళు దాని పక్కనే ఉన్న కాంక్రీటు కమానుల వంతెన మీదుగా పోతున్నాయి. చిన్నప్పుడు నిడదవోలు నుంచి అన్నవరం వెళ్ళేటప్పుడు ఆ ఇనుప దూలాల మధ్య రైలు చేసే మోతకు తాను చెవులు మూసుకునేదాన్నని, ఆ మోత ఆగిందంటే గోదావరి దాటినట్టేనని తాతయ్య చెప్పేవారని అమ్మ గుర్తు చేసుకుంది. ఇదివరకు ఎన్నడూ చెప్పని సంగతి అది. నా జాబితా ప్రకారం తిరిగి ఉంటే ఆ రోజూ చెప్పి ఉండేది కాదు.

చీకటి పడ్డాక హారతి మొదలైంది. జనం పెరగడంతో మేము లేచి, ఊళ్ళోకి నడిచి రోజ్ మిల్క్ తాగాము. రాజమండ్రి రోజ్ మిల్క్ గురించి ఇంత గొప్పగా ఎందుకు చెబుతారా అని నాకు అనుమానం ఉండేది. చిక్కగా, చల్లగా ఉన్న ఆ గ్లాసు సగం ఖాళీ అయ్యేసరికి అనుమానం తీరింది గానీ, తీపి ఒక పిసరు తగ్గిస్తే బాగుండుననే నా అభిప్రాయం మాత్రం మారలేదు. అమ్మ రెండోది అడిగింది.

బసకు తిరిగి వెళ్తూ మళ్ళీ గట్టు దగ్గర ఆగాము. వెలుగుతున్న కిటికీల వరుసతో ఒక రైలు కమానుల కింద నుంచి కొవ్వూరు వైపు సాగిపోతోంది. "ఎవరో ఒకరు బిళ్ళ వేసే ఉంటారు" అంది అమ్మ, చేతులు జోడిస్తూ.