ఆలయం లేని పట్టణం

"యెహెజ్కేలుకు అంత వివరంగా కొలిచి చూపించిన ఆలయం, యోహాను చూసిన పట్టణంలో ఎందుకు లేదండీ?" అని ఈ సాయంత్రం బైబిలు అధ్యయనంలో ఒక పెద్దావిడ అడిగినప్పుడు, మా అందరి చేతుల్లోనూ ప్రకటన గ్రంథం 21వ అధ్యాయమే తెరచి ఉంది.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. యెరూషలేము కూలిన 14వ ఏట, బబులోను చెరలో ఉన్న ప్రవక్త యెహెజ్కేలుకు దర్శనంలో ఆ ఆలయపు గోడలు, గుమ్మాలు, బలిపీఠం కొలతలతో సహా కనిపించాయి. అంతకుముందు యెరూషలేము ఆలయాన్ని తూర్పు దిక్కుగా విడిచి వెళ్లిన దేవుని మహిమ, ఆ తూర్పు దారినే తిరిగి వచ్చి ఈ ఆలయాన్ని నింపింది. యెహెజ్కేలు గ్రంథం చివరి మాట పట్టణం పేరే: "యెహోవా యుండు స్థలము".

ప్రకటన గ్రంథంలో యోహాను, తాను చూసిన కొత్త యెరూషలేము పట్టణానికి 12 గుమ్మాలను, వాటి మీద ఇశ్రాయేలు గోత్రాల పేర్లను నిలిపి, దేవుడును గొర్రెపిల్లయును, అంటే క్రీస్తును, దానికి ఆలయమని రాశాడు. ఆలయపు గడప కింద నుంచి పారిన యెహెజ్కేలు నది కూడా ఇక్కడ సింహాసనం నుంచే బయలుదేరుతుంది.

క్రీస్తు భూమిని ఏలే వెయ్యేండ్ల పాలనలో యెహెజ్కేలు చూసిన ఆ ఆలయం రాళ్లతోనే లేస్తుందని నమ్మే విశ్వాసుల నిష్ఠను నేను గౌరవిస్తాను. నాకు మాత్రం, ఆ కొలతలన్నీ చివరి పేరు కోసమే సాగాయనీ, అది నెరవేరిన చోట వేరే ఆలయం అక్కరలేదనీ అనిపిస్తోంది. అయినా యోహాను చూసిన పట్టణపు పునాదుల మీద అపొస్తలుల పేర్లు చూసి ఆనందించే మనం, ఈ వాగ్దానం మొదట చెరలో ఏడ్చిన యూదులకే అందిందని మరచి చదవడం న్యాయం కాదు.