హీటర్ పక్కన బూట్లు

మొన్న సైట్‌లో తడిసిన బూట్లు విప్పి హీటర్‌కి ఆనించి పెట్టాను. మా ఫోర్‌మన్ చూసి, "మీ దేశంలో తోలు వస్తువులు ఉండవా?" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఊరు గుంటూరు, బ్రాడీపేట. పని కెనడాలోని కాల్గరీలో. చలికాలం మధ్యలో ఇక్కడ చినూక్ అని వెచ్చటి గాలి వీస్తుంది. పేరుకున్న మంచంతా ఒక్క పూటలో చిత్తడైపోతుంది. అందులో రోడ్ల మీద చల్లిన ఉప్పు. నా బూట్లేమో గరుకు తోలువి, అంటే తోలు లోపలి వైపు పైకి వచ్చేలా కుట్టినవి. గీతలు పడినా తెలియదు గానీ నీళ్లు త్వరగా పీలుస్తాయి. వారానికే అంచుల వెంట తెల్లటి చారలు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ ఫోర్‌మనే తేనెమైనం డబ్బా, గట్టి బ్రష్ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. వేడికి తోలులోని నూనె పోయి బిగుసుకుంటుంది, పగులుతుంది, సోల్ జిగురూ వదిలేస్తుందన్నాడు. వెనిగర్ కలిపిన నీళ్లతో ఉప్పు చారలు తుడిపించాడు. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చమన్నాడు. మర్నాటికి ఆరాక బ్రష్‌తో మట్టి దులిపి, మైనం వేలితో తీసి, కుట్ల దగ్గర రెండేసి సార్లు రుద్ది చూపించాడు. తోలు రంగు ముదిరింది, నూగు అణిగిపోయింది. "అందం కావాలంటే స్ప్రే కొట్టుకో, పనికి మాత్రం ఇదే" అన్నాడు. అంత ఓపిగ్గా నాకు ఈ దేశంలో ఇంకెవరూ ఏదీ నేర్పలేదు.

అయినా ఆ మాట పోలేదు. తోలు లేకపోవడమేంటి? తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసిన నేల మాది. ప్రత్తిపాడు దగ్గర మా తాతయ్య మిరప చేనుకి కిర్రు చెప్పులతోనే వెళ్లేవాడు. వానకి తడిస్తే అరుగు మీద నీడలో పెట్టేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేను సాయం చేస్తున్నాననుకుని ఎండలో పెడితే, "బిగుసుకుపోతాయిరా" అని చటుక్కున తీసేశాడు. తర్వాత పాత పంచె ముక్కకి ఆముదం అద్ది, పట్టీల పొడవునా బొటనవేలితో ఒత్తుతూ పట్టించాడు. ఆ వాసన ఇప్పటికీ గుర్తే. ఫోర్‌మన్ చెప్పింది మా అరుగు మీద ఎప్పుడో విన్నదే. టౌన్‌కి వచ్చాక రబ్బరు చెప్పులకీ, గుంటూరు ఎండలో గంటకే ఆరిపోయే కాన్వాస్ షూస్‌కీ అలవాటుపడి మర్చిపోయింది నేనే. ఆ మాట ఆయనకి అప్పుడే చెప్పలేకపోయానే అన్నదే నా బాధంతా.

ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతయ్య ఆముదం సీసా ఇంకా అటక మీదే ఉందిరా, పంపించనా?" అన్నాడు.

ఈ బూట్లకి మైనమే మంచిదని తెలుసు. పంపించమన్నాను.