బోర్డును బట్టి కట్టిన క్రాస్‌ఓవర్

గుంటూరు బ్రాడీపేటలోని మా మావయ్య ఇంటి అటక మీద గోనెసంచుల్లో చుట్టి ఉన్న రెండు 12 అంగుళాల కోయాక్సియల్ స్పీకర్లు నిరుడు మాఘమాసంలో విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి చేరాయి. మావయ్య ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లకూ, హరికథలకూ, శ్రీరామనవమి పందిళ్లకూ మైకుసెట్టు అద్దెకు ఇచ్చేవారు. ఒక సినిమా హాలును పడగొట్టినప్పుడు మిగతా పాత సామానుతో పాటు ఈ జతను కూడా తూకానికి కొన్నారట. అయస్కాంతం మీది రేకు చీటీలు రెండింటికీ ఊడిపోయాయి కనుక వీటి గుణాలన్నీ నేనే కొలుచుకోవలసి వచ్చింది. లోతు స్వరాలు పలికే వూఫర్ కాయిల్ నిరోధం 6.2 ఓమ్‌లు, సహజ కంపన పౌనఃపున్యం 48 హెర్ట్జ్, కోన్ కంపనం ఎంత త్వరగా అణగుతుందో చెప్పే మొత్తం క్యూ విలువ దాదాపు 0.5 వచ్చాయి. కోన్ అంచు స్పాంజితో కాక మందు పూసిన గుడ్డతో చేసినది కావడం నా అదృష్టం. స్పాంజి అంచు అయి ఉంటే మన తేమకు అది ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయేది.

కోయాక్సియల్ అంటే వూఫర్ నడిబొడ్డులో పై స్వరాలు పలికే ట్వీటర్ ఉండే అమరిక. మంచి తరహా వాటిలో ట్వీటర్ అయస్కాంతం వెనుక ఉండి, దాని ధ్వని అయస్కాంతం నడుమ తొలిచిన దారి గుండా ముందుకు వస్తుంది. 1940లలో అమెరికాలో ఆల్టెక్ లాన్సింగ్ వారి 604, 1947లో ఇంగ్లండులో టానాయ్ వారి డ్యుయల్ కాన్‌సెంట్రిక్ ఈ పద్ధతిలోనే వచ్చి, దశాబ్దాల పాటు రికార్డింగు స్టూడియోలలో నిలిచాయి. ఆల్టెక్‌లో ట్వీటర్ ధ్వనిని విప్పార్చే గళ్ల హార్న్ కోన్ ముందు విడిగా ఉంటుంది, టానాయ్‌లో వూఫర్ కోనే హార్న్‌కు కొనసాగింపుగా పనిచేస్తుంది. మావయ్య ఇచ్చిన జత ఈ రెండో తరహాకు చెందినది. ట్వీటర్ వూఫర్‌కు పైన విడిగా ఉండే స్పీకర్లలో, రెండూ కలిసి పలికే పౌనఃపున్యం దగ్గర వినేవాడి చెవి ఎత్తు మారితే రెండు దూరాల తేడా మారి స్వరం రంగే మారిపోతుంది. మా ఇంట్లో నాన్నగారు పడక కుర్చీలో వింటారు, అమ్మ చాప మీద కూర్చుని వింటుంది. ఇద్దరికీ ఒకే గొంతు ఒకేలా వినిపించాలంటే రెండు ధ్వనులూ ఒకే చోటి నుంచి పుట్టాలి. కోయాక్సియల్ మీద నాకున్న మమకారానికి ప్రధాన కారణం ఇదే.

పెట్టెలో బిగించకుండా బోర్డుకే బిగిస్తానని చెప్పినప్పుడు మావయ్య ఒప్పుకోలేదు. "ఒరేయ్, పెట్టె లేకుండా బాస్ ఎక్కడి నుంచి వస్తుందిరా?" అన్నారు. మైకుసెట్టు మనిషి అడగవలసిన ప్రశ్నే అది. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ బోర్డు అంచు చుట్టి వచ్చి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డు నడుమ స్పీకర్ ఉంటే, స్పీకర్ కేంద్రం నుంచి అంచుకు దూరం సుమారు 30 సెంటీమీటర్లు. అంత దూరానికి దాదాపు 200 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్లే కొద్దీ ప్రతి అష్టకానికీ, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్‌ల చొప్పున ధ్వని తగ్గుతుంది. అంటే 100 హెర్ట్జ్ దగ్గర 6, 50 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్‌ల నష్టం. ఈ నష్టాన్ని తెలిసి తెచ్చుకోవడానికి కారణం మా గది. కాంక్రీటు గోడలు, గ్రానైటు నేల, పది అడుగులకు పన్నెండు అడుగుల కొలత గల గదిలో పెట్టె స్పీకర్ ఏది పెట్టినా మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ వైపు) దెబ్బ గదంతా మోగి, తర్వాతి దెబ్బను మింగేస్తుంది. బోర్డు స్పీకర్ ముందుకూ వెనుకకూ మాత్రమే ధ్వనిస్తుంది. పక్కలకు పోయే ధ్వని చాలా తక్కువ కనుక పక్కగోడలు అంతగా రెచ్చిపోవు. తొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

బోర్డు కోసం నీటికి తట్టుకునే 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి కొని, 60 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల ఎత్తు గల ముక్కలు రెండు కోయించాను. స్పీకర్ రంధ్రాన్ని సరిగ్గా నడుమ పెట్టవద్దని వడ్రంగికి పట్టుబట్టి చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే అతనికి అది వంకరగా కనిపించింది. రంధ్రం కేంద్రం నుంచి అన్ని అంచులకూ 30 సెంటీమీటర్ల దూరమే ఉంటే, వెనుక అల అన్ని వైపుల నుంచీ ఒకేసారి ముందుకు వచ్చి 1,140 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట తవ్వుతుంది. నేను క్రాస్‌ఓవర్, అంటే వూఫర్ ఆగి ట్వీటర్ అందుకునే హద్దు, పెట్టదలచిన 1,500 హెర్ట్జ్‌కు అది మరీ పొరుగు. కేంద్రాన్ని ఒక అంచు నుంచి 24, రెండో అంచు నుంచి 36 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, కింద, పైన దూరాలు కూడా సమానం కాకుండా చూసుకుంటే ఆ గుంట పలచబడి విస్తరిస్తుంది. రంధ్రం వెనుక అంచును ఏటవాలుగా చెక్కించడం కూడా అవసరం, లేకపోతే కోన్ వెనుక గాలి ఇరుకున పడుతుంది.

ఆ హద్దు దగ్గర స్వరాలను పంచే వడపోతలనూ క్రాస్‌ఓవర్లనే అంటారు. స్పీకర్లతో పాటు వచ్చిన పాత క్రాస్‌ఓవర్లను మొదట విప్పి కొలిచాను. 8 మైక్రోఫారడ్‌లని ముద్రించి ఉన్న నాన్‌పోలార్ కండెన్సర్లలో ఒకటి 10.4 చూపింది, రెండోది 6.9 చూపింది. ఇలాంటి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఏళ్లు గడిచే కొద్దీ విలువ మారడమే కాక లోపలి నిరోధాన్ని కూడా పెంచుకుంటాయి. ఎడమ కుడి స్పీకర్లు రెండు వేర్వేరు మనుషుల్లా పలకడానికి ఇది చాలు. అయినా ఆ క్రాస్‌ఓవర్లను పారవేయలేదు. ఏ తీగ ఎక్కడికి పోతుందో బొమ్మ గీసుకుని, డబ్బాలో భద్రపరిచాను. వాటిని కట్టినవారు ఏ విలువలు ఎంచుకున్నారన్నది ఎప్పటికీ పనికివచ్చే సాక్ష్యం.

హార్న్ (ఈ జతలో ట్వీటర్ అదే) వెనుక ఉండే పలచని పొరకు తక్కువ పౌనఃపున్యాలు ప్రాణాంతకం. ఒక్కో అష్టకం దిగే కొద్దీ అదే ధ్వనికి అది నాలుగింతలు కదలాలి. ఇంత పాత పొర చిరిగితే మళ్లీ దొరకదు కనుక ఒకే కండెన్సర్ గల మొదటి తరగతి వడపోతను నేను ఆలోచించనే లేదు. కండెన్సర్‌తో పాటు కాయిల్ కూడా ఉండే రెండో తరగతి వడపోతకు లింక్‌విట్జ్ రైలీ లెక్క ప్రకారం 8 ఓమ్‌లకు 1,500 హెర్ట్జ్ దగ్గర 6.6 మైక్రోఫారడ్‌ల కండెన్సర్, 1.7 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. ఫిల్మ్ కండెన్సర్లను దూరం నుంచి తెప్పించుకోవచ్చు గాని, మన వీధి చివరి ఎలక్ట్రికల్ దుకాణంలో అంతకంటే దగ్గరి మార్గం ఉంది. సీలింగు ఫ్యాన్ కండెన్సర్ అంటే 440 వోల్టుల ఏసీకి తట్టుకునే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కండెన్సరే. 2.5 ఒకటి, 4 ఒకటి పక్కపక్కన కలిపితే 6.5 మైక్రోఫారడ్‌లు. దుకాణదారుని అనుమతితో మీటరు తీసుకువెళ్లి, ఒక పెట్టెడు కండెన్సర్లను అక్కడే కొలిచి, రెండు స్పీకర్లకూ జత కుదిరేవి ఏరుకున్నాను. కొత్తవే కొనాలి. నెమ్మదిగా తిరిగే ఫ్యాను నుంచి తీసిన కండెన్సర్ విలువ పడిపోయి ఉంటుంది, ఆ ఫ్యాను నెమ్మదించడానికి కారణం తరచుగా అదే.

కాయిల్ కోసం ఆటోనగర్‌లోని మోటారు వైండింగు దుకాణంలో 18 గేజి ఎనామెల్ రాగితీగ కిలోన్నర కొన్నాను. 32 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్కకు రెండు వైపులా చెక్క బిళ్లలు అతికించి, నడుమ 25 మిల్లీమీటర్ల చోటు వదిలి 270 చుట్లు చుట్టితే దాదాపు రెండున్నర మిల్లీహెన్రీలు వచ్చింది. దానికి సుమారు 42 మీటర్ల తీగ, అంటే అరకిలోకు కొంచెం తక్కువ రాగి పడుతుంది, నిరోధం 0.6 ఓమ్‌లు ఉంటుంది. కావలసినదానికంటే ఎక్కువ చుట్టి, కొలుస్తూ విప్పుకుంటూ రావడమే ఉత్తమమైన పద్ధతి, ఎందుకంటే తగ్గిన చుట్టును మళ్లీ కలపడం కష్టం. వూఫర్ దారిలో చివరకు నేను ఆగినది 1.7 దగ్గర కాదు, 2.2 దగ్గర. 270 నుంచి 17 చుట్లు విప్పాక అది వచ్చింది. బోర్డు మింగే బాస్‌కు ఎదురుగా మధ్యస్థాయిని కాస్త దించడానికి ఈ పెద్ద కాయిల్ ఉపయోగపడింది. స్పీకర్‌కే చాలినంత బిగ్గరగా పలికే శక్తి ఉంది కనుక ఆ దించడం బరువు కాలేదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు నన్ను నిలబెట్టినది హార్న్ తీగల దిశ. ఈ తరగతి వడపోతలో వూఫర్‌కూ ట్వీటర్‌కూ దశలో 180 డిగ్రీల తేడా వస్తుంది, అంటే ఒకటి ముందుకు నెట్టేటప్పుడు రెండోది వెనక్కు లాగుతుంది కనుక ట్వీటర్ తీగలను తిప్పి కలపాలని పుస్తకాల్లో ఉంటుంది. అలాగే తిప్పి కలిపాను. మంద్రం నుంచి తారం దాకా అలవోకగా తిరిగే మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతు పెట్టి వింటే, ఆయన ఎదుట కూర్చుని పాడుతున్నట్లు కాక పక్క గదిలో పాడుతున్నట్లుంది. ఆయన ఉద్యోగం చేసిన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాల్లో ఆ గొంతు వింటూ పెరిగిన ఇల్లు మాది, తప్పు పట్టడానికి మీటరు అక్కరలేకపోయింది. అయినా కొలిచాను. రాత్రి ఫ్యాన్లు ఆపి, స్పీకర్ కేంద్రం నేల నుంచి మీటరు ఎత్తులో ఉండేలా బల్ల మీద నిలిపి, మైకును మీటరు దూరంలో పెట్టాను. నేల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని మూడున్నర మిల్లీసెకన్ల తర్వాత గాని చేరదు. అంతవరకే లెక్కలోకి తీసుకుంటే 300 హెర్ట్జ్‌కు పైనున్నదంతా నమ్మదగిన కొలతే. 1,500 హెర్ట్జ్ దగ్గర బావిలాంటి గుంట కనిపించింది.

కారణం హార్న్ లోతులో ఉంది. దాని పొర అయస్కాంతం వెనుక, వూఫర్ ధ్వని పుట్టే చోటికంటే దాదాపు 9 సెంటీమీటర్లు వెనుకగా ఉంది. 1,500 హెర్ట్జ్ అల పొడవు 23 సెంటీమీటర్లు కాబట్టి ఆ 9 సెంటీమీటర్ల ఆలస్యమే సుమారు 140 డిగ్రీల దశ. వడపోత ముందుకు నెట్టిన 180 డిగ్రీలలో 140ని దూరమే తినివేస్తే మిగిలేది 40 డిగ్రీలు మాత్రమే. తీగలను తిప్పకుండా కలిపితేనే రెండు ధ్వనులూ దాదాపు కలిసి నడుస్తాయి. తిప్పిన దిశలో గుంట ఎంత లోతుగా పడితే, తిప్పని దిశలో కలయిక అంత చక్కగా ఉందని అర్థం. అందువల్ల నాకు దోషంగా కనిపించిన ఆ బావే ఆ తర్వాత కొలబద్ద అయింది. హార్న్ వైపు కాయిల్‌ను రెండేసి చుట్లు విప్పుతూ, తిప్పిన దిశలో గుంట అత్యంత లోతుగా పడేవరకు వెళ్లి, అక్కడ ఆగి తీగలను తిరిగి సరిచేశాను. గొంతు పక్క గది నుంచి మా గదిలోకి వచ్చింది.

మిగిలినది హార్న్ స్థాయి. పాత కండెన్సర్ లోపలి నిరోధం అన్నాళ్లూ దానిని కొంత అణచిపెట్టింది, కొత్త ఫిల్మ్ కండెన్సర్ ఆ అణచివేత తీసివేసింది. వరుసలో 3.9 ఓమ్‌లు, అడ్డంగా 8.2 ఓమ్‌లు ఉన్న సిమెంటు రెసిస్టర్లతో సుమారు 6 డెసిబెల్‌లు తగ్గించాను. పాత హార్న్‌లు పై చివర నెమ్మదిగా వాలిపోతాయి కనుక 3.9 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఇంకో 4 మైక్రోఫారడ్‌ల ఫ్యాన్ కండెన్సర్ వేస్తే, 10 వేల హెర్ట్జ్ ప్రాంతం నుంచి ఆ వాలు కొంత సర్దుకుంటుంది. దీనికి నా పరీక్ష తెలుగు అక్షరాలే. అచ్చులు ఎక్కువగా వూఫర్‌లో పలుకుతాయి, ఊష్మాలు హార్న్‌లో పలుకుతాయి. "శ" "స" వేరుగా వినిపించాలి, కాని రెండూ తమ వెంట ఉన్న అచ్చును విడిచి ముందుకు దూకకూడదు. 4 డెసిబెల్‌లు తగ్గించినప్పుడు "స" ఈల వేసింది, 8 తగ్గించినప్పుడు "శ" "స" ఒకటైపోయాయి.

పౌనఃపున్యం పైకి పోయే కొద్దీ వూఫర్ నిరోధం పెరగకుండా 8.2 ఓమ్‌ల రెసిస్టర్, 18.5 మైక్రోఫారడ్‌ల కండెన్సర్‌ను వరుసగా కలిపి వూఫర్‌కు అడ్డంగా కట్టాను. ఇక్కడ నీటి మోటారు కండెన్సర్ వాడదలిస్తే రన్నింగు కండెన్సర్ తీసుకోవాలి, స్టార్టింగు కండెన్సర్ తీసుకోకూడదు. క్రాస్‌ఓవర్ భాగాలను వేడి జిగురుతో అతికించడం కూడా మన ఊరికి తగదు, మే నెల ఎండలకు అది మెత్తబడి కాయిల్ జారుతుంది. నేను చెక్క మీద రంధ్రాలు వేసి ప్లాస్టిక్ పట్టీలతో బిగించాను, రెండు కాయిళ్లను ఒకదానికొకటి లంబంగా పెట్టాను.

ఈ బోర్డుల బాస్ 70 హెర్ట్జ్ దగ్గర సెలవు తీసుకుంటుంది. వేరే వూఫర్ కలపమని మిత్రులు చెప్పారు. మా ఇంట్లో వినేవి గొంతు, వీణ, నాదస్వరం, మృదంగం కనుక నేను కలపలేదు. పైగా కోనే హార్న్‌కు మూతిగా ఉన్న ఈ తరహాలో బాస్ కోసం కోన్‌ను ఎక్కువ కదిలిస్తే పై స్వరాలు వణుకుతాయి. పెట్టెలోని గాలి పట్టి ఆపే బలం కూడా బోర్డుకు లేదు. వెనుక గోడకు నాలుగు అడుగుల దూరం ఇవ్వడం మాత్రం తప్పనిసరి.

దసరాలకు మావయ్య వచ్చారు. కాసేపు చాప మీద, కాసేపు కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడకుండా విన్నారు. తర్వాత కుడివైపు స్పీకర్ దగ్గరికి వెళ్లి, "ఇది ఎడమదానికంటే కొంచెం మందంగా ఉందిరా," అన్నారు. కొలిస్తే 2.2 ఉండవలసిన కుడి కాయిల్ 2.26 మిల్లీహెన్రీలు చూపింది. ఆటోనగర్‌లో చేయించిన ఇనుప స్టాండుకు మరీ దగ్గరగా క్రాస్‌ఓవర్ బిగించడం వల్ల ఇనుము దాని విలువను పెంచింది. స్టాండు మార్చే వీలు ఆ రోజు లేదు. మావయ్య కాయిల్ చేతిలోకి తీసుకుని మూడు చుట్లు విప్పి, తీగ కొసను పాత బ్లేడుతో గీకి ఎనామెల్ తీసి, "టంకం పెట్టే కావియ ఇటివ్వు," అన్నారు.