జపాన్ వ్యాగన్, మూడో శనివారం: 101.4 మీద రెండు గొంతులు

మూడో శనివారం కూడా రేడియోకే ఖర్చయిపోయింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కొన్న ఈ 2014 నాటి జపాన్ వ్యాగన్ కారులో ఇంజను, బ్రేకులు, కింది భాగం అన్నీ జపాన్ వేలం పత్రంలో బండి స్థితికి రాసిన 4వ గ్రేడుకు తగ్గట్టే ఉన్నాయి. బంపరు మీద ఏ1 (చిన్న గీత) గుర్తు పెట్టిన గీత కూడా చెప్పిన చోటే కనిపించింది. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ కార్డు పెట్టలేదని జపనీస్‌లో గుర్తుచేసే టోల్ యూనిట్ ప్లగ్గు పీకేశాను. ఆయిల్ మార్చిన స్టిక్కరు మీది జపాన్ సంవత్సరం హెయిసెయ్ 29కి 1988 కలిపితే 2017 వస్తుందని తెలిశాక కిలోమీటర్ల లెక్క కూడా కుదిరింది.

రేడియో మాత్రం కుదరలేదు. ఈ సెట్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటుంది, ఇక్కడి ఎఫ్ఎం 88 నుంచి 108 వరకు ఉంటుంది. అమ్మినవారు యాంటెన్నా తీగలో ముందే పెట్టిన బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా స్టేషన్లను 12 మెగాహెర్ట్జ్ కిందికి దించుతుంది కనుక, ఇక్కడి ప్రభుత్వ రేడియో ఆర్‌ఎన్‌జెడ్ నేషనల్ 101.4 నాకు 89.4 మీద రావాలి. వచ్చింది బుస శబ్దమే.

మొదట ఎర్త్‌ను అనుమానించాను, కానీ ఎక్స్‌పాండర్ డబ్బా నుంచి బాడీకి 0.3 ఓమ్‌లే చూపింది. తరువాత యాంటెన్నా తీగ మధ్య పిన్నును కొలిచాను. స్టీరియో వైపు 11.9 వోల్టులు ఉంటే, ఎక్స్‌పాండర్ దాటిన తరువాత సున్నా. ఈ బండి యాంటెన్నా వెనుక అద్దంలో ఉంది, సిగ్నల్‌ను పెంచే దాని బూస్టరుకు కరెంటు అదే తీగలో వెళ్లాలి, ఆ దారిని ఎక్స్‌పాండర్ మూసేసిందన్నమాట. బూస్టరుకు విడిగా ఒక వైరు లాగి 12 వోల్టులు ఇచ్చాను. బుస పోయింది కానీ, దాని స్థానంలో ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడసాగారు!

రెండు గంటలు తీగలు కదిపి చూశాక, కాగితం మీద లెక్క వేసుకుంటే గానీ తట్టలేదు. ఆక్లాండ్‌లో న్యూస్‌టాక్ జెడ్‌బీ అనే మరో స్టేషన్ అసలు స్థానమే 89.4. ఎక్స్‌పాండర్ 101.4ను 89.4కి దించుతుందే తప్ప అక్కడ ముందే ఉన్న స్టేషన్‌ను పూర్తిగా ఆపదు కాబట్టి, బూస్టరుకు ప్రాణం పోసి నేను రెండింటినీ సమానంగా బలపరిచినట్టయింది. 92.6లో ఉండే ఆర్‌ఎన్‌జెడ్ కాన్సర్ట్, ఇక్కడి స్టేషన్లేవీ లేని 80.6 మీద శుభ్రంగా వినిపించడం ఈ ఊహను బలపరుస్తోంది.

చౌక ఎక్స్‌పాండర్లను నేను తిట్టను, వాటిని ఊరిలోని స్టేషన్లతో సరిచూడకుండా బిగించడమే నాకు నచ్చదు. ఇలాంటి బండి కొనేవారు టెస్ట్ డ్రైవ్‌లో ఇంజనుతో పాటు రేడియోను కూడా, ముఖ్యంగా 100 దాటిన స్టేషన్ ఒకటి పెట్టించుకుని, వినాలి. మ్యాప్ కార్డు దాని గాడిలోనే ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని సెట్లు ఆ కార్డు లేకపోతే మొత్తం మూగబోతాయి.

వచ్చే వారం 14 మెగాహెర్ట్జ్ దించే ఎక్స్‌పాండర్ పెడతాను. అప్పుడు 101.4 కాస్తా 87.4 అవుతుంది, కాన్సర్ట్ 78.6కి దిగుతుంది. అదీ కుదరకపోతే ఇక్కడి బ్యాండ్ ఉన్న సెట్‌కే మారతాను. ఫోన్ శబ్దాన్ని రేడియోకు పంపే, సిగరెట్ సాకెట్‌లో పెట్టే ట్రాన్స్‌మిటర్ జోలికి మాత్రం పోను. డ్యాష్‌బోర్డు ఎలాగూ మళ్లీ విప్పాలి కనుక, ఈసారి విరిగిన రెండు క్లిప్పులు మార్చి, రివర్స్ కెమెరా వైరు కూడా లాగేస్తాను.