మాలమ్‌లో వారం రోజులు, 11 బొమ్మలు

వాటర్ కలర్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ వేసినవన్నీ ఇంట్లో భోజనాల బల్ల మీద, ఫొటోలు చూసి వేసినవే. మొన్న మే నెలలో నేనూ, నా కాలేజీ స్నేహితురాలూ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో, మాలమ్ అనే ఊరి దగ్గర వారానికి ఒక కాటేజీ తీసుకున్నాం. తనకు నడకంటే ప్రాణం, నాకు బొమ్మలు. రోజుకు రెండు చొప్పున 14 వేద్దామనుకున్నాను. 11 అయ్యాయి.

తీసుకెళ్లినవి: 300 జీఎస్ఎం మందం కాగితమున్న ఏ5 (ఏ4లో సగం) స్కెచ్‌బుక్, 12 రంగుల డబ్బా, 4, 8 నంబర్ల బ్రష్‌లు, మూత గట్టిగా పట్టే జామ్ సీసా, రెండు క్లిప్పులు, పాత తువ్వాలు ముక్క, కింద పరుచుకోవడానికి మందపాటి ప్లాస్టిక్ సంచి. ఆ సంచి మర్చిపోవద్దు, అక్కడ గడ్డి ఎప్పుడు చూసినా తడిగానే ఉంటుంది. బియ్యం, కందిపప్పు, ఆవకాయ ఇంటినుంచే వచ్చాయి. పాలు, పెరుగు, కూరగాయలు దారిలో స్కిప్టన్‌లో కొన్నాం, మాలమ్ చిన్న ఊరు.

ఆదివారం మాలమ్ కోవ్‌కి వెళ్లాం. 80 మీటర్ల ఎత్తున నిలువునా లేచిన సున్నపురాతి కొండ, దాని పాదం కిందనుంచి బయటికొచ్చే వాగు. మొదటి బొమ్మ పాడైంది. మా పిడుగురాళ్లలో మే నెలలో అయితే బ్రష్ ఎత్తేలోపే రంగు ఆరిపోతుంది. ఇక్కడ 20 నిమిషాలైనా కాగితం చెమ్మగానే ఉంది. ఆగలేక రెండో పూత వేశాను, ఆకాశం కొండలోకి కారిపోయింది. పక్కన కూర్చున్న తను చూసి, "అది ఆరేలోపు ఇటు పేజీలో ఇంకోటి మొదలుపెట్టవే" అంది. అప్పటినుంచి అదే పద్ధతి: ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో ఒకటి, మార్చి మార్చి. వారం మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చిన మాట అది.

సోమవారం దాదాపు 400 మెట్లెక్కి కొండ పైకి వెళ్లాం. పైనంతా రాతి నేల, పలకలు పలకలుగా విడిపోయి ఉంది. మధ్య సందుల్లోకి తొంగి చూస్తే లోపల ఫెర్న్ మొక్కలు. సున్నపురాయి అంటే చిన్నప్పటినుంచి నాకు బట్టీలో కాల్చేదే. వాననీళ్లు కోసిన రాయిని కోసినట్టే వదిలేసిన చోటు చూడడం ఇదే మొదలు, చాలాసేపు రంగుల డబ్బా తెరవలేదు. ఆ బూడిద రంగుకు నలుపు వాడితే రాయి చచ్చిపోయినట్టుంటుంది. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలపాలి. నీడకు నీలం ఎక్కువ, ఎండ పడేచోట గోధుమ ఎక్కువ.

మంగళవారం వాన. కిటికీ, కెటిల్ వేశాను.

బుధవారం జానెట్స్ ఫాస్ జలపాతం దారిలో అడవి వెల్లుల్లి విరగబూసి ఉంది, చెట్ల కిందంతా తాలింపు వాసన. అక్కణ్నుంచి గోర్డేల్ స్కార్ అనే ఇరుకు లోయ. రెండు వైపులా కొండలు మీదికి వంగినట్టుంటాయి. జేమ్స్ వార్డ్ అనే చిత్రకారుడు 200 ఏళ్ల కిందట ఈ చోటును మూడు మీటర్లకు పైగా ఎత్తున్న కాన్వాస్ మీద వేశాడు, లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. ఏ5 కాగితంలో ఆ ఎత్తు రాదని రెండు ప్రయత్నాల్లో తెలిసింది. మూడోసారి కొండ మొత్తం వదిలేసి ఒక మూల, ఒక చెట్టు మాత్రం వేశాను. అది బాగుంది.

అసలు నేర్చుకున్నది గురువారం. అక్కడి పొలాల చుట్టూ సిమెంటు, సున్నం ఏమీ లేకుండా పేర్చిన రాతిగోడలు ఉంటాయి. నాలుగు రోజులుగా ఎన్నిసార్లు వేసినా నా గోడలు గులకరాళ్ల కుప్పల్లా వస్తున్నాయి. కాటేజీ వెనక ఒకాయన కూలిన గోడ కడుతుంటే వెళ్లి నిలబడ్డాం. అది నిజానికి రెండు గోడలు. అడుగున వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలతాయి. మధ్యలో చిన్న రాళ్లు కూరుతారు. అక్కడక్కడ రెండు గోడలనూ పట్టి ఉంచేలా ఒక పొడుగు రాయి అడ్డంగా పోతుంది. కింది రెండు రాళ్ల అతుకు మీదికి పైరాయి రావాలి, అతుకు మీద అతుకు రాకూడదు. చేతిలోకి తీసుకున్న రాయిని మళ్లీ కింద పడేయకుండా దానికి ఎక్కడో చోటు చూడాలని ఆయన చెప్పారు. దగ్గరగా చూస్తే ఒక్కో రాయి మీద తెల్లటి లైకెన్ (రాళ్లకు పట్టే పాచిలాంటిది) మచ్చలు, సందుల్లో నాచు, ఒకచోట గొర్రె రాసుకుపోయిన ఉన్ని పోగు.

శుక్రవారం మళ్లీ గోడే. ఈసారి రాళ్లు గీయలేదు. ముందు ఏటవాలు ఆకారం మొత్తానికి పలచగా ఓకర్ (మట్టి పసుపు) పూశాను, ఆరాక అతుకుల దగ్గరి నీడలు మాత్రం 4 నంబర్ బ్రష్‌తో పెట్టాను. పెద్దవి అడుగున, నిలువుగా పేర్చినవి పైన. గంటన్నర పట్టింది. గోడ నిలబడింది.

శనివారం పదికల్లా ఖాళీ చేయాలి. తెల్లారి ఆరింటికే లేచి అదే గోడను పొగమంచులో ఇంకోసారి వేశాను. ఆరలేదు. తను కారు నడుపుతుంటే స్కిప్టన్ దాకా స్కెచ్‌బుక్ ఒళ్లో తెరిచే పెట్టుకున్నాను.