అమ్మమ్మ ఫోటో, వెనకాల బంతిపూలు

పోయిన నెల మా అమ్మమ్మ సంవత్సరీకం. దానికి పది రోజుల ముందు పిన్ని ఫోన్ చేసి "నువ్వు కంప్యూటర్ లోనే కదరా పనిచేసేది, అమ్మమ్మది ఒక మంచి ఫోటో చేసి పెట్టు, ఫ్రేమ్ కట్టిద్దాం" అంది. మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి దాంట్లో ఉన్నవన్నీ వచ్చేస్తాయని లెక్క. నేను చూసేది అకౌంట్స్, ఎక్సెల్ తప్ప ఇంకోటి తెరవను. సరే అన్నాను, అనక చస్తానా.

అసలు చిక్కేంటంటే అమ్మమ్మ ఒక్కతే ఉన్న ఫోటో మా ఎవరి దగ్గరా లేదు. ఆధార్ కార్డుది ఉంది కానీ అది పెడితే ఆవిడే లేచొచ్చి తిడుతుంది. నవ్వుతూ ఉన్నది అంటే మా అక్క పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో ఒక్కటే, పదకొండు మంది నిలబడ్డారు, వెనకాల మొత్తం బంతిపూల డెకరేషన్, ఈవిడేమో జరీ అంచు పసుపు పట్టుచీర కట్టుకుంది, పైగా భుజం మీద మావయ్య చెయ్యి, ఆ చేతికి చైన్ వాచీ. అంటే బంతిపూలు తియ్యాలి, పక్కన పదిమందిని తియ్యాలి, చెయ్యి కూడా తియ్యాలి.

ముందు పిన్ని వాట్సాప్ లో పంపిన దానితో మొదలెట్టి ఒక సాయంత్రం మొత్తం వేస్ట్ చేసుకున్నా. వాట్సాప్ లో మామూలుగా ఫోటో పంపితే అది సైజు తగ్గించి గట్టిగా కుదించేస్తుంది. అది పంపే జేపెగ్ అనే ఫోటో ఫార్మాట్ బొమ్మని ఎనిమిది బై ఎనిమిది పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి ఎక్కడ రంగు ఒక్కసారిగా మారుతుందో, అంటే సరిగ్గా మనం కత్తిరించాల్సిన అంచు దగ్గరే, మురికి మురికిగా మచ్చలొస్తాయి. జూమ్ చేస్తే చెవి ఎక్కడ అయిపోయిందో పువ్వు ఎక్కడ మొదలైందో తెలీదు. మళ్లీ అక్కకి ఫోన్ చేసి, ఫోటోలా కాదే డాక్యుమెంట్ లా పంపు అని పావుగంట వివరించాక ఒరిజినల్ వచ్చింది, 4000 బై 3000 పిక్సెల్స్. అందులో అమ్మమ్మ నడుం దాకా కట్ చేస్తే మిగిలింది సుమారు 1100 బై 1600. పిన్ని అడిగింది 12 బై 18 ఫ్రేము, ఇంచికి 300 చుక్కలు కావాలంటే 3600 బై 5400 ఉండాలి, మన దగ్గర మూడో వంతు కూడా లేదు. 8 బై 12 కి ఒప్పించాను, దానిక్కూడా ఇంచికి 130 చుక్కలే వస్తాయి కానీ గోడ మీద పెట్టేది కాబట్టి దూరం నుంచి బానే ఉంటుంది.

ఒక్క క్లిక్ తో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే సైట్లున్నాయి కదా అంటారేమో, చేశా. అది మనుషుల్ని గుర్తుపట్టి మిగతాది తీసేస్తుంది, పాపం దానికి పదకొండు మందీ మనుషులే కదా. క్రాప్ చేసి ఇస్తే అమ్మమ్మ నెరిసిన జుట్టు పైనంతా కొరికేసి హెల్మెట్ పెట్టినట్టు చేసింది, ఎడమ చెవి దుద్దు మాయం. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి, వెనకాల ప్లెయిన్ గోడ ఉన్నప్పుడు అవి చాలు, అనవసరంగా తిట్టను.

సరే అని జింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, ఫ్రీ కదా. (1995లో బర్క్‌లీలో ఇద్దరు కుర్రాళ్లు కాలేజీ ప్రాజెక్టుగా మొదలెట్టారంట దీన్ని, మనం కాలేజీలో ఏం చేశామో తల్చుకుంటే సిగ్గేస్తుంది.) మొదట అందరిలాగే ఫజ్జీ సెలెక్ట్ తో మొదలెట్టా, మంత్రదండం బొమ్మ ఉంటుంది చూడండి అది. మనం నొక్కిన చోట ఉన్న రంగుకి దగ్గరగా ఉన్న పక్క పిక్సెల్స్ ని కలుపుకుంటూ పోతుంది, ఎంత దగ్గర అనేది థ్రెషోల్డ్. 15 దగ్గర ఒక్కో పువ్వూ విడిగా వస్తోంది, పెంచుకుంటూ 40 దాకా పోయేసరికి పూలతో పాటు చీర కూడా వచ్చేసింది. దాని తప్పేముంది, రెండూ పసుపే. రంగు బట్టి వెతికే టూల్ కి బంతిపూల ముందు పసుపు చీర ఇస్తే అంతే.

ఇక మిగిలింది పాత్స్ టూల్. ఫ్లెక్సీ షాపుల్లో కుర్రాళ్లు ఫోటోషాప్ లో పెన్ టూల్ అని టకటకా కొడతారే, అదే. అంచు వెంబడి ఒక్కో చుక్కా పెట్టుకుంటూ, వంపు ఉన్నచోట లాగుతూ, చుట్టూ తిరిగి మొదటి చుక్కకి రావడం. నాకు నూట నలభై చుక్కలు దాకా పట్టాయి, రెండు రాత్రులు. అంచు మీదే పెట్టకుండా ఒక పిక్సెల్ లోపలికి పెట్టాలని సగం చుట్టొచ్చాక అర్థమైంది, లేకపోతే పువ్వు రంగు సన్నటి గీతలా వెంట వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంటర్ కొడితే సెలెక్షన్ అవుతుంది, ఫెదర్ (అంటే అంచుని కాస్త మెత్తబరచడం) రెండు పిక్సెల్స్ ఇచ్చా, లేకపోతే కత్తెరతో పేపర్ కట్ చేసి అంటించినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా, డిలీట్ కొట్టొద్దు, ఎరేజర్ అసలు ముట్టుకోవద్దు. లేయర్ మాస్క్ వెయ్యండి, లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక కాగితం లాంటిది, మాస్క్ దాని మీద వేసే ముసుగు. మాస్క్ లో నలుపు పూస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, బూడిద రంగు పూస్తే సగం సగం. ఇక్కడ కూడా కత్తిరింపులో పోయిన దుద్దుని నేను అట్లాగే వెనక్కి తెచ్చుకున్నా. కింద ఒక లేయర్ పెట్టి ముదురు ఎరుపు నింపండి, మిగిలిపోయిన ముక్కలన్నీ పళ్లలో ఇరుక్కున్న ఆకుకూరలా బయటపడతాయి.

జుట్టు మాత్రం నన్ను ఏడిపించింది. వెంట్రుక పిక్సెల్ కన్నా సన్నం, అందుకని ఆ పిక్సెల్ లో సగం వెంట్రుక సగం వెనకాల రంగు కలిసిపోయి ఉంటుంది, దాన్ని ఎంత బాగా కత్తిరించినా ఆ కలిసిన రంగు పోదు. అమ్మమ్మ తెల్లజుట్టు చుట్టూ నారింజ కాంతి, దేవుడి ఫోటోలో వెలుగులా. రెండు మూడు గంటలు చిన్న బ్రష్ తో మాస్క్ మీద గీకాక తట్టింది, జుట్టు ఎలాగూ తెలుపే కదా, దానికి రంగెందుకు అని. జుట్టు చుట్టూ వదులుగా సెలెక్ట్ చేసి ఫెదర్ ఎక్కువిచ్చి, సాచురేషన్, అంటే రంగు గాఢత, దాదాపు సున్నాకి తెచ్చా. నారింజ మొత్తం బూడిద అయిపోయింది, బూడిద తెల్లజుట్టులో కలిసిపోయింది. నల్లజుట్టు అయితే ఇంత తేలిగ్గా వదిలేది కాదు. వెనకాల మావయ్య నీలం ఆకాశం, మబ్బులు పెట్టమన్నాడు, నేను లేత బూడిద పెట్టా. ముదురు రంగు పెడితే ఆ జుట్టు అంచు మళ్లీ వెలిగేది, ఈ ముక్క ఆయనకి చెప్పలేదు, అమ్మమ్మకి ఇదే బాగుంది మావయ్యా అన్నానంతే.

చెయ్యి క్లోన్ టూల్ తో తీశా. పక్కనున్న చీర తెచ్చి దాని మీద పూయడం, కానీ జరీ గళ్లు ఒక దాని కింద ఒకటి కుదరాలి కదా, కుదర్లేదు. దగ్గరికెళ్లి చూస్తే వాచీ చైను ఉన్నచోట లైట్ గా ఒక వంకర కనిపిస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఒక పీఎన్‌జీ, బూడిద రంగుతో ఒక జేపెగ్ చేసి షాపుకి పంపా. పీఎన్‌జీ ఎందుకు పంపానో నాకే తెలీదు, షాపతను దాన్నే ప్రింట్ కి పెట్టబోయాడు, వెనకాల మొత్తం నలుపొచ్చింది, ఫోన్ చేసి ఆపా. జేపెగ్ కి ట్రాన్స్‌పరెన్సీ (వెనకాల ఖాళీగా, పారదర్శకంగా ఉండటం) ఉండదు, పీఎన్‌జీకి ఉంటుంది, ప్రింట్ కి ఇచ్చేటప్పుడు ఒక్కటే పంపండి.

ఫ్రేము వచ్చాక పిన్ని చాలాసేపు చూసింది. నేను ఆ భుజం వంకే చూస్తున్నా, ఎక్కడ అడుగుతుందోనని. ఏం అనకుండా పూల దండ తెచ్చి వేసింది, అది కరెక్ట్ గా ఆ వాచీ వంకర మీద నుంచే కిందికి దిగింది. బంతిపూలే.